నేల తగిలిన పడవ

పాత పడవను కొని తెచ్చుకోవడాన్ని మా అత్త మారుమనువు అనేది. కొత్త పడవైతే వడ్రంగి పూజ చేసి ఇస్తాడు, దానికి కన్నెపిల్ల మర్యాద. ఇంకొకరి నీళ్లలో తిరిగిన పడవకు అలా కుదరదు. వాళ్ల నీళ్లలోంచి ఎత్తితే మన నీళ్లలోనే దించాలి. నడుమ ఎక్కడా నేల తగలకూడదు. మన నీళ్లలో ఒక్క చుట్టు తిరిగి వచ్చాక ఒడ్డుకు లాక్కో, బోర్లించుకో, డాంబరు పూసుకో, నీ ఇష్టం. ఆ మొదటి చుట్టుకు ముందు నేల తగిలిందా, నేలకు ఆశ పుడుతుంది, పడవ నడిపే మగవాణ్ణి అడుగుతుంది. ఇదీ మా అత్తింటి శాస్త్రం. మా పుట్టింటివాళ్లూ చేపలు పట్టేవాళ్లే గానీ మాకింత శాస్త్రం లేదు. చేప పడిందా లేదా అన్నదే మా శాస్త్రం.

మా మామ అలాగే పోయాడని ఆమె నమ్మకం. ఆయన ఏనాడో ఒక పాత పడవ కొని ఎడ్లబండి మీద తెస్తుంటే పొలాల మధ్య బండి దిగబడింది. పడవను దించి కొంత దూరం ఈడ్చుకుపోయారు. ఆ వానాకాలమే ఆయన నీళ్లలో పోయాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా అత్త ఒక ముక్క మింగేసేది. ఆ రోజు ఆయన కడుపునిండా కల్లు తాగి, ఎవరు వద్దన్నా వినకుండా వరదలోకి పోయాడు. కల్లు తాగి వరదలోకి పోతే కొత్త పడవైనా ఏం చేస్తుంది? ఆ ముక్క నేను గుర్తు చేస్తే ఇంట్లో వారం దాకా మాటలుండేవి కావు. నా మొగుడు మా ఇద్దరి మొహాలూ చూసి మెల్లగా బయటికి జారుకునేవాడు. కానీ లోపల అతను తల్లి పక్షమే. తండ్రి శవాన్ని ఒడ్డుకు లాగిన చేతుల్లో అతనివీ ఉన్నాయి.

మాది బీర్పూర్ దగ్గర ఒక ఊరు. తెలంగాణ కోసం పనులన్నీ ఆగిపోయిన రోజులవి. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లలో, సార్లు సమ్మె టెంట్ల కింద. నేను జగిత్యాల మార్కెట్లో చేపలమ్మేదాన్ని. కోస్తా నుంచి వచ్చే ఐసు చేపల లారీలు ఆగిపోయి జనం చేపల కోసం మొహం వాచి ఉన్నారు. మా వాగు మీద కట్టిన ప్రాజెక్టు ఆ ఏడు నిండుగా ఉంది. మాకేమో పడవ లేదు. థర్మకోలు తెప్ప మీద ఒంటరిగా కూర్చుని నా మొగుడు పట్టే చేపలు మా వాడకే సరిపోయేవి కావు. ఇప్పుడు పడవ దొరికితే బతికిపోతాం, లేకపోతే మళ్లీ లారీలు రాగానే మన గంప ఎవరూ చూడరు అని నేనే పోరు పెట్టాను. ఉద్యమం అంటే నాకు పట్టదనుకోకండి. జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు చేపల పులుసు నాదే. కావలికి నిలబడ్డ పోలీసాయన కూడా అడిగి వేయించుకున్నాడు.

సిరిసిల్ల పక్కన మానేరులో చేపలు పట్టే ఒక ముసలాయన చూపు తగ్గి పడవ అమ్ముతున్నాడని తెలిసింది. జగిత్యాలలో మాకు తెలిసిన ఒక సాయిబు ట్రాక్టర్ నడిపేవాడు. కంకర తోలే ట్రాలీ అది, మీట లాగితే ముందు వైపు పైకి లేచి సరుకంతా వెనక్కి జారిపోయే రకం. మేం అతన్ని భాయ్ అనేవాళ్లం, అతను నన్ను చెల్లె అనేవాడు. బస్సుల్లేని కాలంలో అతనే దిక్కు. ముగ్గురం తెల్లారకముందే బయల్దేరాం. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు లేని సిరిసిల్లను నేను ఆ రోజే చూశాను. బట్ట నేసే ఊరు అంత మౌనంగా ఉంటే ఎవరో పోయినట్టే అనిపించింది.

పడవ చిన్నదే, ఇద్దరు మనుషులకు సరిపోయేది. టేకు చెక్క, నల్లగా డాంబరు పూసి ఉంది. నా మొగుడు నడుంలోతు నీళ్లలో నిలబడి, అక్కడి మనుషులతో కలిసి దాన్ని నీళ్లలోంచి ఎత్తి నేరుగా ట్రాలీలోకి చేర్పించాడు. కింద వరిగడ్డి పరిచి బోర్లా పడుకోబెట్టి మోకులతో కట్టారు. ముసలాయన పడవ వీపును చేత్తో నిమిరాడు.

"మంచిగ చూసుకో బిడ్డా. నన్నెన్నడు ముంచలె ఇది" అన్నాడు నాతో.

"దించుకునేదాక నేల తగలకుండ చూసుకుంటం తాతా" అని నా మొగుడు జవాబిచ్చాడు. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి.

వేములవాడ నుంచి జగిత్యాలకు తిన్నగా పోయే దారిలో చెట్లు నరికి అడ్డం పడేశారని తెలిసి, భాయ్ కోరుట్ల మీదుగా తిప్పాడు. నా మొగుడు ట్రాలీలోనే పడవ పక్కన కూర్చుని, గుంత వచ్చినప్పుడల్లా పడవను రెండు చేతులతో పట్టుకున్నాడు. పెళ్లయి ఇన్నేళ్లకు నన్ను అంత గట్టిగా ఎన్నడూ పట్టుకున్నది లేదని భాయ్‌తో అంటే, అతను స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు.

కోరుట్ల ఇంకా కొంత దూరం ఉందనగా నల్లటి పొగ కనిపించింది. మూలమలుపులో టైర్లు కాలుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా రాళ్లు, విరిగిన బెంచీలు. ఒక పక్కన ఆడవాళ్లు కూర్చుని పాటలు పాడుతున్నారు, ఇంకో పక్క పిల్లగాళ్లు గుంపుగా ఉన్నారు. వాళ్లలో మెడకు కండువా చుట్టుకున్న ఒకడు, కాలేజీ చదివే వయసువాడు, మా ట్రాలీని చూసి ఎగిరి గంతేశాడు.

"అన్నా, దేవునోలె అచ్చినవే! అడ్డం పెట్టెతందుకు ఏం దొరుకుతలేదు మాకు. రేయ్, దించుండ్రిరా పడవను!"

నా మొగుడు రెండు చేతులూ జోడించాడు. "తమ్మీ, నీ కాల్మొక్కుత. ట్రాక్టరన్న అడ్డం పెట్టుకోండ్రి గని పడవ దించకుండ్రి. నీళ్లల్ల దిగేదాక అది నేల తాకద్దు."

"అరె వా!" అన్నాడు భాయ్ సీటు మీద నుంచే. "ట్రాక్టర్ ఏమన్న నీ మామ ఇచ్చిండా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఒప్పందం కుదిరింది. ట్రాక్టర్ అడ్డంగా నిలబడుతుంది, పడవ ట్రాలీలోనే ఉంటుంది, సాయంత్రం మమ్మల్ని వదిలేస్తారు. అక్కడితో అయిపోయేది. కానీ ఆ కండువా పిల్లగాడికి ఎత్తు కావాలి. చెప్పులతోనే ట్రాలీ ఎక్కి, బోర్లించిన పడవ మీద నిలబడి, జై తెలంగాణ అంటూ కాలితో తాళం వేయడం మొదలుపెట్టాడు. చెక్క మీద చెప్పుల చప్పుడు నాకే ఒళ్లు మండేలా ఉంది.

"దిగు తమ్మీ" అన్నాడు నా మొగుడు. వాడు దిగలేదు. రెండోసారి అన్నాడు. వాడు ఇంకా గట్టిగా తొక్కాడు. మూడోసారి అనడం నా మొగుడికి రాదు. వాడి కాలు పట్టి ఒక్క గుంజు గుంజాడు.

వాడు ట్రాలీ అంచుకు మొహం కొట్టుకుని రోడ్డు మీద పడ్డాడు. పై పెదవి చీలి నోరంతా రక్తం. లేచీ లేవగానే నా మొగుడి రొమ్ము మీద దూకాడు. వాడి వెనక నలుగురైదుగురు. ఒకడు వెనకనుంచి మెడ పట్టుకున్నాడు, ఒకడు కడుపులో గుద్దాడు, కండువావాడు పిడికిళ్లతో మళ్లీ మళ్లీ మొహం మీదే కొట్టాడు. తెలంగాణ కావాలన్న మనుషులే తెలంగాణ కావాలన్న మనిషిని కొడుతున్నారు. నాకు చేతికందింది పడవతో పాటు ముసలాయన ఇచ్చిన తెడ్డు. మెడ పట్టుకున్నవాడి వీపు మీద ఒక్కటిచ్చాను. వాడు అమ్మా అని అరిచాడు. వాడి అమ్మ నా వయసుదే అయి ఉంటుంది. రెండోది కూడా ఇచ్చాను.

మేం ఇలా కొట్టుకుంటుండగానే పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఎక్కడినుంచో తెచ్చిన బలగాలు. హెల్మెట్ల కింద మొహాలు కనబడలేదు, ఏ ఊరివాళ్లో తెలియదు. ముందు ఈల వినిపించింది, ఆ వెంటనే టియర్‌గ్యాసు పొగ. కళ్లలో కారం పోసినట్టయింది. పిల్లగాళ్లు రాళ్లు రువ్వుతూ పొలాల్లోకి పరిగెత్తారు. కాలుతున్న టైరు ఒకటి దొర్లుకుంటూ వచ్చి కాలువలో పడింది. ఆడవాళ్ల కేకలు, కర్రలు ఎముక మీద పడే చప్పుడు. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మళ్లీ పోల్చుకుంటారు.

నా మొగుడు పరిగెత్తలేదు. నేను కిందపడేసిన తెడ్డు తీసుకుని ట్రాలీ వెనక తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఎవరైనా పడవను గుంజి కింద పడేస్తారని అతని భయం. చేతిలో కర్ర ఉన్న మనిషి, మొహం నిండా నెత్తురు ఉన్న మనిషి, పారిపోని మనిషి. వాళ్లకు ఇంకేం కావాలి? ముగ్గురు వచ్చారు. మొదటి దెబ్బ మోచేతి మీద పడి తెడ్డు జారిపోయింది. రెండోది తల మీద. నెత్తి చిట్లిన చోటు నుంచి రక్తం చెవి మీదుగా కారి అంగీలోకి పోయింది. అతను ట్రాలీ పక్క చక్రం దగ్గర కూలబడ్డాక కూడా ఆగలేదు. పడ్డ మనిషిని, చేతులతో తల కప్పుకున్న మనిషిని, మోకాళ్ల మీద, వెన్ను మీద, చేతుల మీద. నేను మధ్యలో పడితే ఒకడు బూటుకాలితో నడుం మీద తన్నాడు. రోడ్డు మీద దొర్లాను.

దొర్లిన చోటు నుంచి చూస్తే ట్రాలీ, పైన పడవ, కింద నా మొగుడి తల, తల మీదికి లేస్తున్న లాఠీ. ఇంకో రెండు దెబ్బలు పడితే అతను ఉండడని నాకు తెలిసిపోయింది. భాయ్ సీటు కింద నక్కి ఉన్నాడు. ఇంజిను ఇంకా నడుస్తూనే ఉంది.

"భాయ్, ట్రాలీ లేపు!" అని అరిచాను.

"అరె చెల్లె, పడవ పడ్తది!"

"పడనియ్యి! లేపు!"

లేచి ఉరికి, ట్రాక్టర్ మీదున్న నా గంప అడుగున దాచుకున్న చేపల కత్తి తీసి పడవ మోకులు కోసేశాను. భాయ్ మీట లాగాడు. ట్రాలీ ముందు భాగం పైకి లేచింది. తలుపు విరుచుకుపడింది, గడ్డితో సహా పడవ వెనక్కి జారింది. అది చేసిన చప్పుడుకు ఆ ముగ్గురూ ఎగిరి పక్కకు దూకారు. పడవ ముక్కు డాంబరు రోడ్డును గీసుకుంటూ వచ్చి ఆగింది, వెనక భాగం ట్రాలీకి ఆనుకుని ఏటవాలుగా నిలబడిపోయింది. నేను నా మొగుడి చంకల కింద చేతులు వేసి ఆ నీడలోకి ఈడ్చుకుపోయాను. మా వెనకే ఇంకొకడు పాక్కుంటూ దూరాడు. చూస్తే కండువావాడు. వాడికీ నెత్తి పగిలింది.

పైన లాఠీలు పడుతున్నాయి. చెక్క మీద ఆ దెబ్బలు మా చెవులు బద్దలు కొట్టాయి గానీ మా ఒంటిని తాకలేదు. కండువావాడు ఏడుస్తూ తన కండువా విప్పి నా మొగుడి తలకు చుట్టాడు. కాసేపటి కింద ఆ తలను గుద్దిన చేతులే అవి. నా మొగుడు కళ్లు తెరిచాడు. అరచేత్తో కింద తడిమాడు. రోడ్డు తగిలింది. తడుముకుంటూ పోయి పడవ ముక్కు రోడ్డుకు ఆనిన చోటు దొరకబుచ్చుకున్నాడు.

"దించినవానే?" అన్నాడు.

"నోరు మూసుకో" అన్నాను.

"నన్ను సంపినవ్ గదనే."

బతికించిన దాన్ని పట్టుకుని చంపావంటే నాకు ఎంత కోపం రావాలి? నిజంగానే వచ్చింది. పైనున్న లాఠీల కంటే ఎక్కువగా నేనే అతన్ని కొట్టాలనిపించింది. అంతలో పాటలు పాడే ఆడవాళ్లు పడవ చుట్టూ చేయి చేయి పట్టుకుని నిలబడ్డారు. ఎవరో ఆఫీసరు అరిచాడు. దెబ్బలు ఆగిపోయి బూట్ల చప్పుడు పొలాల వైపు పోయింది. ఆ ఆడవాళ్లే పడవను, తెడ్డును మళ్లీ ట్రాలీలోకి ఎత్తించారు. నా మొగుణ్ణీ కండువావాణ్ణీ దాని పక్కనే పడుకోబెట్టాం. తర్వాత ఎక్కడ అడ్డం పెట్టి ఉన్నా, నెత్తురు చూసి దారి ఇచ్చారు. జగిత్యాల ఆసుపత్రిలో కుట్లు వేశారు. ఇంటికి వచ్చేసరికి మా అత్త గుమ్మంలో ఉంది. కొడుకు తలకట్టు చూడలేదు. ట్రాలీ చుట్టూ తిరిగి, పడవ ముక్కు దగ్గర ఆగి, డాంబరులో గుచ్చుకున్న కంకర రాయిని గోటితో పెకిలించి చూసింది. తర్వాత అక్కడే కూలబడి, కొడుకు బతికి ఉండగానే శోకాలు తీసింది.

పడవను నీళ్ల అంచున పెట్టించాం. అది అక్కడే ఉండిపోయింది. నా మొగుడు దానివైపు పోలేదు. ప్రాజెక్టు నిండా చేపలు, మార్కెట్ నిండా చేపలు అడిగేవాళ్లు, నా గంప ఖాళీ. నేల తనను అడుగుతోందని, రాత్రి కలలో వాళ్ల నాయన వచ్చి జరిగి చోటిచ్చాడని చెప్పేవాడు. నేను తిట్టాను, బతిమాలాను, అన్నం పెట్టడం మానేశాను. చివరికి ఒక పొద్దున తలకట్టుతోనే గొడ్డలి తీసుకుని ఒడ్డుకు నడిచాడు.

"పొయ్యిల పెడ్త దీన్ని" అన్నాడు.

మొదటి దెబ్బకు పడవ అంచు నుంచి చెక్క లేచింది. రెండోసారి గొడ్డలి ఎత్తేసరికి నేను మీద పడి మణికట్టు కొరికాను. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చేదాకా వదల్లేదు. గొడ్డలి నీళ్లలో పడింది. వెనకనుంచి మా అత్త నా జుట్టు పట్టుకుంది. ఆమె చేతిలో కొన్ని వెంట్రుకలు వదిలేసి, పడవను భుజంతో నీళ్లలోకి తోసి ఎక్కేశాను.

"ఆడిది పడవెక్కింది! ఇగ మిగిలిందేముందిరా కొడుకా!" అని మా అత్త గుండెలు బాదుకుంది.

"నేల మొగోన్నే గద అత్తా అడిగేది? నన్నేం అడుగుతది!" అని అరిచి తెడ్డు వేశాను.

పుట్టింట్లో నాయన చూడకుండా తెప్ప నడిపినదాన్ని, తెడ్డు నాకు కొత్త కాదు. కోపం మీద చాలా దూరం పోయాను. ఒడ్డున మనుషులు చిన్నగా అయ్యాక పాదాలకు చల్లగా తగిలింది. రోడ్డు గీసుకుపోయిన ముక్కు దగ్గర సందు విడి నీళ్లు వస్తున్నాయి. తోడడానికి చెంబు లేదు. తెడ్డు ఆపాను. అప్పుడు చుట్టూ ఉన్న నీళ్లను చూశాను. అప్పుడు తెలిసింది, నేనూ నమ్ముతున్నానని. మా మామ తాగిన కల్లు ముంత, నా ఎగతాళి అన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. ఇక్కడ నేనూ, అడిగే నేలా. ఒక్కటే అనుకున్నాను. నన్ను తీసుకో, వాణ్ణి వదిలెయ్.

అంతలోనే నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు. నా మొగుడు ఈదుకుంటూ వస్తున్నాడు. తలకట్టు తడిసి ఎర్రబడింది. వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. పడవ అటు ఒరిగి ఇంకా నీళ్లు దూకాయి.

"వదులు!" అని తెడ్డు ఎత్తాను. "ఎక్కకు! ఎక్కితే సస్తవు!"

"జరుగు."

"వదులు అంటున్న!"

కొట్టాను. ఊరికే బెదిరించడానికి కాదు, నా బలమంతా పెట్టి అతని వేళ్ల మీద కొట్టాను. ఒక వేలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అతను అరిచాడు గానీ పట్టు విడవలేదు. ఇంకో చెయ్యి వేసి పైకి లేచాడు. మళ్లీ తెడ్డు ఎత్తాను. కుట్ల మీదుగా నెత్తురు కారుతున్న ఆ మొహం నన్ను చూస్తోంది. కోపం లేదు, భయం లేదు. అప్పుడు నా చెయ్యి దిగలేదు.

"సస్తే సస్త. నువ్వొక్కదానివెట్ల పోతవ్?" అన్నాడు, నీళ్లు కక్కుతూ. "జరుగు."

జరిగాను. ఎక్కాడు. ఎక్కగానే తలకున్న కట్టు విప్పి, నెత్తుటి గుడ్డను ముడత పెట్టి సందులో కుక్కాడు. నేను దోసిళ్లతో నీళ్లు తోడుతూ గట్టిగా ఏడ్చాను, అతన్ని తిట్టాను, గంగమ్మను తిట్టాను, మా అత్తను కూడా కలిపి తిట్టాను. అతను ఒక చేత్తోనే తెడ్డు వేశాడు. పడవ ఒక పెద్ద చుట్టు తిరిగి ఒడ్డుకు వచ్చింది. అక్కడ గుమిగూడిన వాళ్లు చేపలేమైనా పడ్డాయా అని అడిగారు. మేం వల తీసుకుపోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పడవలో అతను ఇప్పటికీ చేపలు పడుతున్నాడు. లాఠీ పగలగొట్టిన చోట జుట్టు మొలిచి మచ్చ కనబడకుండా పోయింది. నేను విరిచిన వేలు మాత్రం సరిగ్గా వంగదు. అన్నం కలుపుకునేటప్పుడు అదొక్కటీ ముద్దకు ఎడంగా నిలబడి ఉంటుంది. నేను చూడకూడదనుకుంటాను, చూస్తాను.